ఇంగ్లిషులో ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం: ఒకరి మాటను మరొకరు చెప్పే పద్ధతి

ఒకరు పలికిన మాటను మరొకరికి చేరవేయడానికి సాధారణంగా రెండు మార్గాలు ఉన్నాయి. పలికినవారి మాటలను ఉన్నవి ఉన్నట్లుగా ఉద్ధరణ చిహ్నాల మధ్య ఉంచడం మొదటిది. ఆ మాటల సారాన్ని, చేరవేసే వ్యక్తి తన వాక్యంలో భాగంగా మలచుకోవడం రెండోది. మొదటిదాన్ని ప్రత్యక్ష కథనమని, రెండోదాన్ని పరోక్ష కథనమని మన పాఠ్యపుస్తకాలు పేర్కొంటాయి. ఇంగ్లిషులో వీటిని డైరెక్ట్ స్పీచ్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ అంటారు. రెండోదానికే రిపోర్టెడ్ స్పీచ్ అన్న పేరు కూడా ఉంది.

పదో తరగతి పరీక్ష మొదలుకొని స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే పోటీ పరీక్షల వరకు ఈ అంశంపై ప్రశ్నలు వస్తుంటాయి. కార్యాలయ సమావేశాల మినిట్స్, విచారణ నివేదికలు, వార్తా కథనాలు చాలావరకు పరోక్ష కథనంలోనే సాగుతాయి. విద్యార్థులు మాత్రం ఈ పాఠాన్ని పట్టికలుగా కంఠస్థం చేసి, పరీక్ష ముగియగానే మరచిపోతుంటారు. ఆ పట్టికలన్నింటి వెనుక ఉన్న సూత్రం ఒక్కటే. దానిని గ్రహిస్తే నియమాలు వాటంతట అవే గుర్తుంటాయి. మినహాయింపులకు కారణం కూడా తెలుస్తుంది.

మారేది దృక్కోణం

ఒక మంత్రి సోమవారం విజయవాడలో విలేకరులతో "ఐ విల్ కమ్ హియర్ అగైన్ టుమారో" అన్నారనుకుందాం. ఈ వాక్యంలో నాలుగు పదాల అర్థం పలికిన వ్యక్తిపైన, పలికిన చోటుపైన, పలికిన సమయంపైన ఆధారపడి ఉంది. 'ఐ' అంటే ఆ మంత్రి. 'హియర్' అంటే విజయవాడ. 'టుమారో' అంటే మంగళవారం. 'విల్' సూచించే భవిష్యత్తు సోమవారం నుంచి చూసినప్పటి భవిష్యత్తు.

అదే మాటను గురువారం నాడు ఢిల్లీలో ఉన్న ఒకరు చెబితే ఆ నాలుగు పదాలూ పనికిరావు. అందువల్ల ఆయన ఇలా చెబుతాడు: "ద మినిస్టర్ సెడ్ దట్ హి వుడ్ గో దేర్ అగైన్ ద నెక్స్ట్ డే." 'ఐ' స్థానంలో 'హి', 'విల్' స్థానంలో 'వుడ్', 'కమ్ హియర్' స్థానంలో 'గో దేర్', 'టుమారో' స్థానంలో 'ద నెక్స్ట్ డే' వచ్చాయి. మంత్రి చెప్పిన విషయం మారలేదు. దానిని చూస్తున్న చోటు, కాలం, వ్యక్తి మారారు. పరోక్ష కథనంలో జరిగే మార్పులన్నీ ఈ ఒక్క కారణం నుంచే పుట్టాయి.

తెలుగులో 'అని' చేసే పని

ఈ పాఠం తెలుగువారికి కష్టంగా తోచడానికి తెలివితేటలతో సంబంధం లేదు. మన భాష ఇదే పనిని వేరే పద్ధతిలో చేస్తుంది. 'అను' అనే క్రియ నుంచి పుట్టిన 'అని' అనే చిన్న మాట, దాని ముందున్న వాక్యాన్ని దాదాపు పలికినట్లుగానే నిలిపి ఉంచుతుంది. "వర్షం పడుతోందని రవి చెప్పాడు" అన్న వాక్యంలో 'చెప్పాడు' భూతకాలమైనా 'పడుతోంది' వర్తమానంలోనే ఉంది. ఇంగ్లిషులో అది "రవి సెడ్ దట్ ఇట్ వాజ్ రెయినింగ్" అవుతుంది. 'ఈజ్' కాస్తా 'వాజ్'గా మారుతుంది.

సర్వనామాల విషయంలో తెలుగు మరింత విశిష్టంగా ప్రవర్తిస్తుంది. "తాను రాజీనామా చేయనని మంత్రి స్పష్టం చేశారు" అన్న వాక్యం పత్రికల్లో నిత్యం కనిపిస్తుంది. ఇందులో 'నేను' స్థానంలో 'తాను' వచ్చింది. అయితే 'చేయను' అన్న క్రియకు ఉత్తమ పురుష ప్రత్యయం అలాగే ఉంది. విడిగా "అతను చేయను" అంటే తప్పు. 'అని' ముందు "తాను చేయను" అంటే ఒప్పు. అంటే తెలుగు సర్వనామాన్ని సగం మార్చి, క్రియను మార్చకుండా వదిలేస్తుంది. ఇంగ్లిషులో ఇటువంటి సర్దుబాటుకు అవకాశం లేదు. ఉద్ధరణ చిహ్నాలు తొలగిన మరుక్షణం సర్వనామం, క్రియ, కాలసూచక పదం అన్నీ చెప్పేవారి లెక్కలోకి రావాలి.

తెలుగు అలవాటుతో "హి సెడ్ దట్ ఐ విల్ కమ్" అంటే ఏమవుతుందో గమనించాలి. "తాను వస్తానని అతను చెప్పాడు" అన్నది చెప్పదలచుకున్న అర్థం. వినేవారికి మాత్రం "నేను వస్తానని అతను చెప్పాడు" అని, అంటే ఈ వాక్యం పలుకుతున్న వ్యక్తే వస్తాడని అర్థమవుతుంది. మాట ఇచ్చింది ఒకరు, బాధ్యత పడింది మరొకరి మీద. వ్యాకరణ దోషం ఇక్కడ అర్థదోషంగా మారుతోంది.

మొదటి మెట్టు: సెడ్, టోల్డ్

"రవి సెడ్" వంటి భాగాన్ని రిపోర్టింగ్ వెర్బ్ అంటారు. ఉద్ధరణ చిహ్నాల్లోని భాగం రిపోర్టెడ్ స్పీచ్. సామాన్య వాక్యాలను మార్చేటప్పుడు కామా, ఉద్ధరణ చిహ్నాలు తొలగి 'దట్' వస్తుంది. సంభాషణలోను, వార్తల్లోను 'సెడ్' తరువాత 'దట్' తరచూ లోపిస్తుంది. అది తప్పు కాదు. పరీక్షల్లో మాత్రం రాయడం మేలు.

ఎవరితో చెప్పారో తెలియజేస్తే 'సెడ్ టు' స్థానంలో 'టోల్డ్' వాడాలి. చెప్పకపోతే 'సెడ్' అలాగే ఉంటుంది. "హి సెడ్ మి" తప్పు. "హి టోల్డ్ మి" ఒప్పు. "హి టోల్డ్ దట్ హి వాజ్ ఇల్" తప్పు. "హి సెడ్ దట్ హి వాజ్ ఇల్" ఒప్పు. తెలుగులో 'చెప్పాడు' అన్న ఒకే క్రియ రెండు చోట్లా సరిపోతుంది గనుక ఈ తేడా మనవారికి సులభంగా తట్టదు. 'టోల్డ్' వెంట వినే వ్యక్తి ఉండి తీరాలని గుర్తుంచుకుంటే చాలు.

రెండో మెట్టు: సర్వనామాలు

మన తరగతి గదుల్లో సర్వనామాల మార్పునకు 'ఎస్ఓఎన్' అనే గుర్తు ప్రసిద్ధం. ఉత్తమ పురుష సర్వనామాలు రిపోర్టింగ్ వెర్బ్ యొక్క సబ్జెక్టును బట్టి, మధ్యమ పురుష సర్వనామాలు ఆబ్జెక్టును బట్టి మారుతాయి. ప్రథమ పురుషకు మార్పు లేదు, అంటే నో చేంజ్. సబ్జెక్టు, ఆబ్జెక్టు, నో చేంజ్ అన్న మాటల తొలి అక్షరాల కలయికే ఈ గుర్తు.

సీత సెడ్ టు మి, "ఐ లైక్ యువర్ హౌస్."
సీత టోల్డ్ మి దట్ షి లైక్డ్ మై హౌస్.

ఇక్కడ 'ఐ' సీతను అనుసరించి 'షి' అయింది. 'యువర్' వినే వ్యక్తిని, అంటే 'మి'ని అనుసరించి 'మై' అయింది.

ఈ సూత్రం ఉపయోగకరమే గాని రెండు చోట్ల ఆలోచన అవసరం. మొదటిది 'వి'. తెలుగులో 'మేము', 'మనము' అని రెండు మాటలున్నాయి. ఇంగ్లిషులో రెండింటికీ 'వి' ఒక్కటే. చేరవేస్తున్న వ్యక్తి ఆ బృందంలో లేకపోతే 'వి' స్థానంలో 'దే' రావాలి. అతడు కూడా అందులో ఉంటే 'వి'గానే ఉండాలి. మూల వాక్యాన్ని తెలుగులో ఊహించుకొని, అక్కడ 'మేము' వస్తుందా 'మనము' వస్తుందా, ఆ బృందంలో తాను ఉన్నాడా లేడా అని పరిశీలిస్తే సందేహం తీరుతుంది.

రెండోది 'హి' వల్ల కలిగే సందిగ్ధత. "రవి టోల్డ్ కిరణ్ దట్ హి హ్యాడ్ వన్ ద ప్రైజ్" అంటే బహుమతి గెలిచింది రవియా, కిరణా? తెలుగులో "తాను గెలిచానని" అంటే రవి. "నువ్వు గెలిచావని" అంటే కిరణ్. ఇంగ్లిషులో రెండూ 'హి' గనుక వాక్యం నుంచి తేలదు. ఇటువంటి చోట పేరును మళ్ళీ రాయడమో, వాక్యాన్ని మరో విధంగా కూర్చడమో చేయాలి. ఫిర్యాదులు, విచారణ నివేదికలు రాసేవారు ఈ జాగ్రత్త తప్పక పాటించవలసి ఉంటుంది.

మూడో మెట్టు: కాలాలు

రిపోర్టింగ్ వెర్బ్ భూతకాలంలో ఉంటే, లోపలి క్రియ ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది. మాట పలికిన సమయం ఇప్పుడు గతంగా మారింది గనుక, అందులోని వర్తమానం కూడా గతమే అవుతుంది. అంతకు ముందున్న గతం మరింత వెనుకటి గతం అవుతుంది.

సింపుల్ ప్రెజెంట్ సింపుల్ పాస్ట్‌గా మారుతుంది: "ఐ వర్క్ ఇన్ ఎ బ్యాంక్" – హి సెడ్ దట్ హి వర్క్‌డ్ ఇన్ ఎ బ్యాంక్.
ప్రెజెంట్ కంటిన్యువస్ పాస్ట్ కంటిన్యువస్‌గా మారుతుంది: "ఐ యామ్ రీడింగ్" – హి సెడ్ దట్ హి వాజ్ రీడింగ్.
ప్రెజెంట్ పర్ఫెక్ట్ పాస్ట్ పర్ఫెక్ట్‌గా మారుతుంది: "ఐ హావ్ పెయిడ్ ద ఫీజ్" – హి సెడ్ దట్ హి హ్యాడ్ పెయిడ్ ద ఫీజ్.
ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ పాస్ట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్‌గా మారుతుంది: "ఐ హావ్ బీన్ వెయిటింగ్" – హి సెడ్ దట్ హి హ్యాడ్ బీన్ వెయిటింగ్.
సింపుల్ పాస్ట్ పాస్ట్ పర్ఫెక్ట్‌గా మారుతుంది: "ఐ సా ద యాక్సిడెంట్" – హి సెడ్ దట్ హి హ్యాడ్ సీన్ ద యాక్సిడెంట్.
పాస్ట్ కంటిన్యువస్ పాస్ట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్‌గా మారుతుంది: "ఐ వాజ్ స్లీపింగ్" – హి సెడ్ దట్ హి హ్యాడ్ బీన్ స్లీపింగ్.
పాస్ట్ పర్ఫెక్ట్‌కు అంతకంటే వెనుక మెట్టు లేదు. అది మారదు.

సహాయక క్రియల్లో 'విల్' 'వుడ్'గా, 'కెన్' 'కుడ్'గా, 'మే' 'మైట్'గా మారుతాయి. 'షల్' సాధారణంగా 'వుడ్' అవుతుంది. "షల్ ఐ ఓపెన్ ద డోర్?" వంటి ప్రశ్నలో మాత్రం 'షుడ్' అవుతుంది. తప్పనిసరిని తెలిపే 'మస్ట్'ను 'హ్యాడ్ టు'గా మార్చవచ్చు, అలాగే ఉంచనూ వచ్చు. "అతను ఇంట్లోనే ఉండి ఉంటాడు" వంటి ఊహను తెలిపే 'మస్ట్' మారదు. 'కుడ్', 'వుడ్', 'షుడ్', 'మైట్', 'ఆట్ టు', 'యూజ్‌డ్ టు', 'హ్యాడ్ బెటర్' కూడా ఉన్నట్లుగానే ఉంటాయి.

నాలుగో మెట్టు: కాలాన్ని, స్థలాన్ని సూచించే మాటలు

'నౌ' స్థానంలో 'దెన్', 'టుడే' స్థానంలో 'దట్ డే', 'టునైట్' స్థానంలో 'దట్ నైట్', 'ఎస్టర్డే' స్థానంలో 'ద ప్రీవియస్ డే' లేదా 'ద డే బిఫోర్', 'టుమారో' స్థానంలో 'ద నెక్స్ట్ డే', 'లాస్ట్ వీక్' స్థానంలో 'ద ప్రీవియస్ వీక్', 'నెక్స్ట్ వీక్' స్థానంలో 'ద ఫాలోయింగ్ వీక్', 'అగో' స్థానంలో 'బిఫోర్', 'హియర్' స్థానంలో 'దేర్', 'దిస్' స్థానంలో 'దట్', 'దీజ్' స్థానంలో 'దోజ్' వస్తాయి.

ఇది యాంత్రికంగా చేయవలసిన మార్పు కాదు. ఉదయం విన్న మాటను అదే రోజు సాయంత్రం చెబితే 'టుడే' అప్పటికీ 'టుడే'యే. అదే గదిలో నిలబడి చెబితే 'హియర్' అప్పటికీ 'హియర్' అవుతుంది. దృక్కోణం మారనిచోట పదం మారవలసిన పని లేదు. ఈ సందిగ్ధత తలెత్తకుండా ఇంగ్లిష్ వార్తల్లో తరచూ 'టుడే', 'టుమారో' అన్న మాటలను విడిచి 'ఆన్ మండే', 'ఆన్ ట్యూజ్‌డే' అని వారం పేరే రాస్తారు. వార్తను ఎవరు ఎప్పుడు చదివినా రోజు మారదు.

కాలం మారని సందర్భాలు

రిపోర్టింగ్ వెర్బ్ వర్తమానంలో గాని, భవిష్యత్తులో గాని ఉంటే లోపలి కాలం మారదు. "హి సేస్ దట్ హి ఈజ్ ఇల్" అన్నది సరైన వాక్యమే. ఇంగ్లిష్ పత్రికల శీర్షికల్లో 'సేస్' వాడతారు గనుక అక్కడ 'విల్' 'విల్'గానే కనిపిస్తుంది. కింద వార్తలో 'సెడ్' రాగానే 'వుడ్' కనిపిస్తుంది. ఒకే వార్తలో రెండు రూపాలు ఉండటం పొరపాటు కాదు.

ఊహాజనితమైన షరతును తెలిపే వాక్యాలు కూడా మారవు. "ఇఫ్ ఐ వర్ రిచ్, ఐ వుడ్ హెల్ప్ యు" అన్న మాటలో సర్వనామాలు మాత్రమే మారుతాయి. అందులోని భూతకాల రూపం కాలాన్ని కాక ఊహను తెలుపుతోంది గనుక దానిని వెనక్కి జరపవలసిన పని లేదు.

సార్వకాలిక సత్యాల విషయంలో కాలం మార్చనక్కర లేదని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. దీని వెనుక ఉన్న కారణం నియమం కంటే ముఖ్యమైనది. ఈ రెండు వాక్యాలను పోల్చి చూడాలి.

ఆర్యభట సెడ్ దట్ ది ఎర్త్ రొటేట్స్ ఆన్ ఇట్స్ యాక్సిస్.
టాలమీ సెడ్ దట్ ది ఎర్త్ వాజ్ ఎట్ ద సెంటర్ ఆఫ్ ద యూనివర్స్.

భూమి తన అక్షంపై తాను తిరుగుతుందని క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో ఆర్యభటుడు చెప్పిన మాటను నేటి రచయిత కూడా అంగీకరిస్తాడు. అందుకే 'రొటేట్స్' అని వర్తమానంలో రాస్తాడు. భూమి విశ్వానికి కేంద్రమన్న టాలమీ మాటను నేడు ఎవరూ అంగీకరించరు. అందుకే 'వాజ్' అని దూరంగా ఉంచుతాడు. ఇద్దరూ తమ కాలంలో చెప్పింది సత్యమనే నమ్మారు. వర్తమానాన్ని అలాగే ఉంచడమంటే, ఆ మాట ఇప్పటికీ నిజమేనని చెప్పేవారు కూడా ఒప్పుకోవడం. కాలాన్ని వెనక్కి జరపడమంటే, ఆ మాట బాధ్యతను పలికినవారికే వదిలివేయడం.

భవిష్యత్తు విషయంలోనూ ఇదే వివేచన పనిచేస్తుంది. వంతెన పనులు మార్చి నాటికి పూర్తవుతాయని ఒక అధికారి చెబితే, మార్చి ఇంకా రాకముందే రాసే వార్తలో "ద వర్క్స్ విల్ బి కంప్లీటెడ్ బై మార్చ్" అని 'విల్' ఉంచడం భారతీయ పత్రికల్లో తరచూ కనిపిస్తుంది. అది తప్పు కాదు. అయితే 'వుడ్' రాస్తే అది అధికారి ఇచ్చిన హామీగానే మిగులుతుంది. దానికి పత్రిక పూచీ పడినట్లు ఉండదు. పరీక్షలో 'వుడ్' రాయడమే క్షేమం.

ప్రశ్నలను మార్చే విధానం

ప్రశ్నల విషయంలో తెలుగువారి పొరపాట్లు మూడు రకాలు. అడిగిన వాక్యానికి 'సెడ్' బదులు 'ఆస్క్‌డ్' వాడాలన్న సంగతి చాలామందికి తెలుసు. ఆ తరువాతనే చిక్కు వస్తుంది.

మొదటిది, 'దట్' చేర్చడం. తెలుగులో "ఎక్కడ ఉంటున్నావని అడిగాడు" అంటాం. ప్రశ్న తరువాత కూడా 'అని' వస్తుంది గనుక ఇంగ్లిషులోనూ 'దట్' రావాలనిపిస్తుంది. ఇంగ్లిషులో ప్రశ్నకు 'దట్' రాదు. 'వాట్', 'వేర్', 'వెన్', 'వై', 'హౌ' వంటి ప్రశ్నపదం ఉంటే అదే వాక్యాలను కలుపుతుంది. ప్రశ్నపదం లేక, అవును లేదా కాదు అన్న సమాధానం కోరే ప్రశ్న అయితే 'ఇఫ్' లేదా 'వెదర్' వాడాలి.

రెండోది, పదాల వరుస. ఇంగ్లిష్ ప్రశ్నలో సహాయక క్రియ కర్తకు ముందు వస్తుంది. పరోక్ష కథనంలో అది ప్రశ్నగా ఉండదు. కాబట్టి కర్త ముందు, క్రియ తరువాత రావాలి. తెలుగు ప్రశ్నల్లో ఇటువంటి తారుమారు లేదు గనుక దానిని సరిచేయాలన్న స్పృహ మనకు సహజంగా కలగదు.

హి సెడ్ టు మి, "వేర్ ఆర్ యు గోయింగ్?"
హి ఆస్క్‌డ్ మి వేర్ ఐ వాజ్ గోయింగ్.

మూడోది, 'డు', 'డజ్', 'డిడ్' అన్న సహాయక క్రియలను వదలకపోవడం. అవి ప్రశ్న కోసమే వచ్చాయి. ప్రశ్న పోగానే అవీ పోవాలి; వాటిలోని కాలం ప్రధాన క్రియకు చేరాలి.

షి సెడ్ టు హిమ్, "డు యు నో తెలుగు?"
షి ఆస్క్‌డ్ హిమ్ వెదర్ హి న్యూ తెలుగు.

చివర ప్రశ్నార్థకం కూడా తొలగి, ఫుల్‌స్టాప్ వస్తుంది.

ఆజ్ఞలు, అభ్యర్థనలు, సలహాలు

ఈ ఒక్క చోట తెలుగు, ఇంగ్లిషు దాదాపు ఒకే దారిలో నడుస్తాయి. "రండి" అన్న మాటను చేరవేసేటప్పుడు మనం "రమ్మన్నారు" అంటాం. "కూర్చోండి" అన్నది "కూర్చోమన్నారు" అవుతుంది. అంటే ఆజ్ఞార్థక రూపాన్ని తెలుగు కూడా మార్చుతుంది. ఇంగ్లిషులో ఆ స్థానంలో 'టు'తో కూడిన క్రియ వస్తుంది. వ్యతిరేకార్థంలో 'నాట్ టు' వస్తుంది. 'డోంట్' పూర్తిగా తొలగిపోతుంది.

ద టీచర్ సెడ్ టు ద బాయ్స్, "డోంట్ మేక్ ఎ నాయిస్."
ద టీచర్ టోల్డ్ ద బాయ్స్ నాట్ టు మేక్ ఎ నాయిస్.

చెప్పిన తీరును బట్టి క్రియను ఎంచుకోవాలి. పై అధికారి ఆదేశమైతే 'ఆర్డర్డ్', మామూలుగా చెబితే 'టోల్డ్', 'ప్లీజ్' అంటూ కోరితే 'రిక్వెస్టెడ్', సలహా అయితే 'అడ్వైజ్‌డ్', ప్రమాదాన్ని హెచ్చరిస్తే 'వార్న్‌డ్'. 'రిక్వెస్టెడ్' వచ్చాక 'ప్లీజ్' ఉండదు; మర్యాద ఆ క్రియలోకే చేరింది. నిషేధాన్ని తెలిపే 'ఫర్బేడ్' వాడితే 'నాట్' రాకూడదు. వద్దన్న అర్థం ఆ క్రియలోనే ఉంది. 'లెట్స్'తో మొదలయ్యే ప్రతిపాదనకు 'సజెస్టెడ్' వాడాలి. "లెట్స్ గో టు ద మార్కెట్" అన్న మాట "హి సజెస్టెడ్ దట్ దే షుడ్ గో టు ద మార్కెట్" అవుతుంది.

ఆశ్చర్యం, సంతోషం, విచారం తెలిపే వాక్యాలకు తరతరాలుగా మన బడుల్లో వాడుతున్న రెన్ అండ్ మార్టిన్ వంటి వ్యాకరణ పుస్తకాలు 'ఎక్స్‌క్లెయిమ్‌డ్' అన్న క్రియను సూచిస్తాయి. "హుర్రే! వి హావ్ వన్ ద మ్యాచ్" అన్నది "దే ఎక్స్‌క్లెయిమ్‌డ్ విత్ జాయ్ దట్ దే హ్యాడ్ వన్ ద మ్యాచ్" అవుతుంది. 'హుర్రే', 'అలాస్' వంటి మాటలు తొలగి, వాటిలోని భావం 'విత్ జాయ్', 'విత్ సారో' అన్న మాటల్లోకి చేరుతుంది. "వాట్ ఎ బ్యూటిఫుల్ ప్లేస్!" వంటి మాటలో 'వాట్ ఎ' స్థానంలో 'వెరీ' వస్తుంది. "థ్యాంక్ యు" అన్నదాన్ని మొత్తంగా 'థ్యాంక్‌డ్' అన్న ఒక్క క్రియతో చెప్పవచ్చు.

ఒక సంభాషణ, దాని మార్పు

బ్యాంకు మేనేజరు, ఒక ఖాతాదారు మధ్య జరిగిన ఈ చిన్న సంభాషణలో పై నియమాలు చాలావరకు కలిసివస్తాయి.

"వాట్ డు యు వాంట్?" ద మేనేజర్ సెడ్ టు ద కస్టమర్.
"ఐ హావ్ లాస్ట్ మై పాస్‌బుక్," షి రిప్లైడ్.
"డిడ్ యు ఇన్‌ఫార్మ్ ద పోలీస్ ఎస్టర్డే?" హి సెడ్.
"యెస్. ప్లీజ్ గివ్ మి ఎ న్యూ వన్ టుడే," షి సెడ్.
"కమ్ టుమారో. డోంట్ ఫర్గెట్ యువర్ ఆధార్ కార్డ్," హి సెడ్.

పరోక్ష కథనంలో ఇది ఇలా ఉంటుంది:

ద మేనేజర్ ఆస్క్‌డ్ ద కస్టమర్ వాట్ షి వాంటెడ్. షి రిప్లైడ్ దట్ షి హ్యాడ్ లాస్ట్ హర్ పాస్‌బుక్. హి ఆస్క్‌డ్ వెదర్ షి హ్యాడ్ ఇన్‌ఫార్మ్‌డ్ ద పోలీస్ ద ప్రీవియస్ డే. షి రిప్లైడ్ దట్ షి హ్యాడ్, అండ్ రిక్వెస్టెడ్ హిమ్ టు గివ్ హర్ ఎ న్యూ వన్ దట్ డే. హి టోల్డ్ హర్ టు కమ్ ద నెక్స్ట్ డే అండ్ నాట్ టు ఫర్గెట్ హర్ ఆధార్ కార్డ్.

'యెస్' అన్న ఒక్క మాట 'రిప్లైడ్ దట్ షి హ్యాడ్' అయిన తీరు గమనార్హం. 'యెస్', 'నో' అన్న మాటలను అలాగే దించకుండా, ఏ ప్రశ్నకు సమాధానమో దానికి తగిన సహాయక క్రియతో చెప్పాలి.

క్రియ ఎంపికలో బాధ్యత

పరోక్ష కథనంలో ఉద్ధరణ చిహ్నాలు ఉండవు. పలికినవారి మాటలకూ, చేరవేసేవారి మాటలకూ మధ్య గోడ తొలగిపోతుంది. అందుకే రిపోర్టింగ్ వెర్బ్ ఎంపిక కేవలం శైలికి సంబంధించిన విషయం కాదు. "ఐ వాజ్ దేర్" అని ఒకరు అన్నారనుకుందాం. "హి సెడ్ దట్ హి హ్యాడ్ బీన్ దేర్" అంటే ఉన్న విషయం ఉన్నట్లు చెప్పడం. 'అడ్మిటెడ్' అంటే అతడు ఒక తప్పును ఒప్పుకున్నట్లు అవుతుంది. 'క్లెయిమ్‌డ్' అంటే అతని మాటపై చెప్పేవారికి నమ్మకం లేనట్లు ధ్వనిస్తుంది. తెలుగులో 'అన్నారు', 'అంగీకరించారు', 'చెప్పుకొన్నారు' అన్న క్రియల మధ్య కూడా ఇదే తేడా ఉంది. ఏ క్రియా సరిపోతుందన్న నిశ్చయం లేనప్పుడు 'సెడ్' వాడటం ఉత్తమం. అది ఎటూ మొగ్గదు.

మాటను చేరవేయడంలో జరిగే మార్పుల పట్ల న్యాయస్థానాలు కూడా అప్రమత్తంగా ఉంటాయి. మరణ వాంగ్మూలాల విలువపై 1957లో కుశాల్‌రావు కేసులో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన భేదాన్ని చూపింది. సమర్థుడైన మేజిస్ట్రేటు సరైన పద్ధతిలో, అంటే ప్రశ్న, సమాధానాల రూపంలో, వీలైనంత వరకు చెప్పిన వ్యక్తి మాటల్లోనే నమోదు చేసిన వాంగ్మూలం, మనుషుల జ్ఞాపకంపై ఆధారపడే మౌఖిక సాక్ష్యం కంటే ఎంతో ఉన్నత స్థానంలో నిలుస్తుందని పేర్కొంది. ప్రాణం పోతున్న వ్యక్తి మాట విషయంలో ప్రత్యక్ష కథనానికి ఉన్న విలువ ఇది. కచ్చితమైన మాటలే ముఖ్యమైనచోట వాటిని ఉద్ధరణ చిహ్నాల మధ్య ఉంచాలి. సారం చాలునన్నచోట మాత్రమే పరోక్ష కథనాన్ని ఆశ్రయించాలి.

సరిచూసుకొనే క్రమం

వాక్యాన్ని మార్చిన తరువాత ఈ క్రమంలో ఒకసారి పరిశీలించుకోవాలి.

మూల వాక్యం ఏ రకానికి చెందినది: సామాన్య వాక్యమా, ప్రశ్నా, ఆజ్ఞా, ఆశ్చర్యార్థకమా?
దానికి తగిన రిపోర్టింగ్ వెర్బ్ వచ్చిందా? 'టోల్డ్' తరువాత వినే వ్యక్తి ఉన్నారా?
'దట్', 'ఇఫ్', 'వెదర్', 'టు', ప్రశ్నపదం వీటిలో సరైనది వచ్చిందా?
ప్రతి సర్వనామం ఎవరిని సూచిస్తున్నదో స్పష్టంగా ఉందా?
క్రియ ఒక మెట్టు వెనక్కి జరిగిందా? జరగకపోతే దానికి కారణం ఉందా?
కాలాన్ని, స్థలాన్ని సూచించే మాటలు చెప్పేవారి దృక్కోణానికి సరిపోతున్నాయా?
ప్రశ్న అయితే కర్త ముందు, క్రియ తరువాత ఉన్నాయా?

చివరగా, మూల వాక్యాన్ని ఎన్నడూ వినని ఒకరు మన వాక్యాన్ని మాత్రమే చదివితే ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఏమన్నారో పొరపాటు లేకుండా గ్రహించగలరా అన్నది చూసుకోవాలి. గ్రహించగలిగితే మార్పు సరిగా జరిగినట్లే. లేకపోతే, నియమాలన్నీ పాటించినట్లు కనిపించినా ఆ వాక్యాన్ని తిరిగి రాయవలసిందే.